ఏడో బోయకి కబురు

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి. పాటు, నీరు దిగింది.

ఊరి నీళ్ళూ కబుర్లూ చూసే ఈ గడపలో కూర్చున్న మనిషి ఆనాటి సంగతి ఆనాడే రాసిపెట్టాలన్నది, సముద్రం మీద బల్లలు కట్టుకుని తేలే మా కట్టూరి కట్టుబాటు. మొన్నటిదాకా నా కూతురు వరాలు రాసింది. దాని పెద్దకర్మ అయ్యాక ఈ పీట మీద నేను కూర్చున్నాను. నా పేరు మసేనమ్మ. అయిదో తరగతి దాకా చదివాను, అదీ బడి ఇంకా గట్టు మీద ఉన్న రోజుల్లో. తర్వాత బడిని సముద్రం తీసుకుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పొద్దున బోయల్ని పలకరించాను. గట్టు దాకా కబుర్లు అందించడానికి సముద్రంలో తాళ్ళతో కట్టి తేల్చినవి, గడపలో ఉన్న మాట్లాడే పెట్టెతో పలకరిస్తే పలుకుతాయి. ఒకటి నుంచి ఆరు దాకా పలికాయి. ఏడోది పలకలేదు.

సముద్రం నీళ్ళలో ఉప్పు తీసే ఉప్పు మర బాగా తిరిగింది, నీళ్ళు తియ్యగా వచ్చాయి. ఎండ తెరల మీద పిట్టలు రెట్టలు వేస్తే కడిగించాను. మురికి పడితే తెరలు ఎండని తాగవు, ఎండ తాగకపోతే మర తిరగదు.

జనం ఈ మధ్య ఆలస్యంగా వస్తున్నారు. వరాలు కూర్చున్నప్పుడు తెల్లారేసరికే గడప ముందు బిందెలు బారులు తీరేవి. ఇప్పుడు ఎండ తెరచాప కొయ్య మీదికి ఎక్కితే గానీ ఒక్కరూ రారు. బద్ధకాలు పెరిగాయి.

ముందుగా వచ్చింది అప్పలకొండ. నాకన్నా పెద్దది, అప్పా అని పిలుస్తాను. దాని కోడలు నూకరత్నానికి నెలలు నిండుతున్నాయి. నిన్న గట్టు నుంచి పురిటి పడవలో నర్సమ్మ వచ్చి చూసింది. బిడ్డ అడ్డం తిరిగి ఉందట. నొప్పులు మొదలవగానే కబురు పెట్టండి, పడవ వస్తుంది, ఇక్కడ కాన్పు చేసే సాహసం మాత్రం ఎవరూ చెయ్యొద్దు అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

“ఒలే మసేనమ్మా, ఇనుకున్నావా?” అంది అప్పలకొండప్ప బిందె దించుతూ. “నా ఇంటి దీపం నీ పెట్టె మీద ఉన్నాది. ఆ యాల అది నిద్దరోయిందా, నీ జుట్టు ఊడబీకుతాను.”

“ఊడబీకడానికి జుట్టెక్కడ మిగిలిందప్పా?” అన్నాను.

నవ్వింది. వరాలు పోయాక నేను వేళాకోళం ఆడటం ఇదే మొదలు. దానికి తెలుసు. బిందె చంకనెత్తుకుని పోతూ పోతూ నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు పొద్దంతా భుజం మీద ఉంది. ఆ బరువు బాగుంది.

పున్నమి. పోటు.

నీరు ఎత్తింది. బల్లలన్నీ ఊయలల్లా ఊగుతున్నాయి. తాళ్ళు బిగించుకోమని ఇంటింటికీ కబురు పంపాను.

కబురు పంపడం గురించి వరాలు నేర్పింది ఇక్కడ రాస్తాను. నా తర్వాత ఈ పీట ఎక్కేవాళ్ళకి పనికొస్తుంది.

పెట్టెలో ఒక్కడే మనిషి ఉన్నాడనుకో అనేది వరాలు. బిందె నింపమని ఉప్పు మరకి చెప్పేదీ వాడే, ఇన్ని నీళ్ళు వాడామని గట్టుకి కబురు మోసేదీ వాడే. వెనకటి రోజుల్లో ఆ కబురు బోయ నుంచి బోయకి దూకుతూ గట్టు చేరి, అందిందని జవాబు వచ్చేదాకా పెట్టె కదిలేది కాదు. సముద్రం నెమ్మదిగా ఉంటే సరే. లేకపోతే బిందె పట్టుకుని ఊరంతా నిలబడటమే. వరాలు గట్టు మీద కొన్నాళ్ళు ఉండి ఆ పని నేర్చుకుని వచ్చి పెట్టెని మార్చింది. ఎలా మార్చావే అని అడిగితే నా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది.

“అమ్మా, ఎసట్లో బియ్యం పోసి కుండ ముందే నిలబడతావేటి?”

“నాకేం పన్నేదేటి? సేపలు తోముకుంటాను.”

“మరి అన్నం ఉడికిందని ఎలా తెలుత్తాది?”

“మూత ఎగిరి సప్పుడవుద్ది.”

“అదేనమ్మా. ‘ఎల్లు’ అన్నావనుకో, కబురు ఎల్తాది, పెట్టె నీ తర్వాత పని సూత్తాది. జవాబొచ్చిన్నాడు గంట కొడతాది. ‘ఎల్లు’ అంటే వదిలెయ్యడం కాదు. నిలబడకపోవడం.”

జవాబు చేతికి రానిదే తర్వాత పని చెయ్యకూడనివి కొన్ని ఉంటాయి. మందు ఎన్ని చుక్కలు వెయ్యాలని ఆసుపత్రిని అడిగామనుకోండి, అలాంటివి. వాటికి ‘ఎల్లిరా’ అనాలి. పెట్టె ఆగుతుంది. అదీ మనం ఇంకా ఆగమంటే తప్ప అన్నం ఒక ఉడుకు వచ్చేంత సేపే. ఆ తర్వాత “రాలేదు” అని చెప్పి పనిలో పడుతుంది. మధ్యలో ఆపాలంటే ‘పోన్లే’ అనాలి. పెట్టె ఆగి ఉన్నప్పుడు ఏమడిగినా ఎందుకు ఆగిందో చెబుతుంది, అంతే. దాన్ని కదిలించే మాట ‘పోన్లే’ ఒక్కటే. ఏ మాటైనా పీట మీద కూర్చున్న మనిషి నోట రావాలి. పక్కవాళ్ళు అరిచినా పెట్టెకి పట్టదు.

మన యాసలోనే ఎందుకు నేర్పావని అడిగాను. “గట్టోల్ల మాట నీకు నోరు తిరగదు కదమ్మా” అంది. అప్పటికి ఈ పీట మీద నేను కూర్చుంటానని ఎవరికి తెలుసు?

మూడు మాటలున్నా నేను వాడేది ఒక్కటే. గడపలో కూర్చుని, పోయేదాన్ని ‘ఎల్లు’ అని ఎలా అంటాం? పిల్లలు బడికి పోయినా, మగవాళ్ళు వేటకి పోయినా మన నోట వచ్చేది ‘ఎల్లిరా’ కదా. కబురైతే మాత్రం, మన గడప దాటి పోయేదే.

బహుళ పంచమి.

గాలి మారింది. కెరటాలు బోయల నెత్తి మీంచి దూకుతున్నాయి. కబుర్లు పోతున్నాయి గానీ జవాబులు కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నాయి. గట్టుకి దగ్గర దారి ఏడో బోయ మీదుగా ఉండేది. అది లేక ఇప్పుడు, తూర్పున మనలాగే బల్లలు కట్టుకుని ఉన్న తూర్పు కట్టు చుట్టూ తిరిగి పోవాలి.

ఒక బిందె నింపి, ఆ సంగతి గట్టుకి పంపి, జవాబు వచ్చాక రెండో బిందె. వరస బల్ల చివరిదాకా పాకింది. వల భుజాన వేసుకుని ఎర్రయ్య వరస మధ్యలో నిలబడ్డాడు.

“పిన్నమ్మా, నా బిందె నిండేలోపు సేపలే ఈదుకుంటా ఒచ్చి నా వల్లో దూకేట్టున్నాయి” అన్నాడు.

“దూకితే మంచిదేగా. నాకో రెండు పడెయ్యి.”

“ఈదుకుంటా ఒచ్చేలోపు ఎండిపోతాయి, ఉప్పెయ్యక్కర్లేదు” అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దానయ్య ఒక్కడూ నవ్వలేదు. దానయ్య నా మరిది, ఈ ఊరికి పెద్ద. అందరూ పోయాక పీట పక్కన గొంతుకూర్చున్నాడు.

“ఒదినా, నీల్ల కబురుకి ‘ఎల్లు’ అను, సాలు. అందితే గంట కొడతాది, అందకపోతే మల్లీ పంపుతాది. వరాలు అలాగే సేసీది.”

“నా నోటికి రాదు దానయ్యా.”

“మాటే కదా ఒదినా.”

“రేపు నీ కొడుకు వేటకి పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి ‘ఎల్లు’ అను. అప్పుడు నానూ అంటాను.”

దానయ్య “ఓలమ్మ” అని తల గోక్కుంటూ లేచిపోయాడు.

ఏడోది పలకలేదు. పైన రాయడం మరిచాను.

బహుళ దశమి. పాటు.

ఆరు పలికాయి. ఏడోది లేదు.

పొద్దున్నే పెట్టె నోట “రాలేదు” అన్న మాట వినలేకపోతున్నాను. అంత త్వరగా రాలేదని ఎలా చెబుతుంది? ఈ గాలిలో గట్టు జవాబులే ఇంత ఆలస్యమవుతుంటే, తాడు తెగి ఎటో కొట్టుకుపోయిన బోయకి ఇంకెంత పట్టాలి? “ఇంకాసేపు ఆగు” అన్నాను. ఆగింది. అన్నం ఉడికి, గంజి వార్చేంత సేపు ఆగింది. ఆ తర్వాతే అంది.

చిత్రం, జనం కూడా ఇవాళ ఇంకా ఆలస్యంగా వచ్చారు.

వరాలు పోయిన రోజు సంగతి ఎక్కడా రాయలేదు, రాస్తాను. ఏడో బోయ తాడు తెగుతోందని పెట్టె గంట కొట్టింది. గాలివాన అప్పటికే లేచింది. బోయ పోతే ఆసుపత్రికి దగ్గర దారి పోతుందని వరాలు పడవ తీసింది. నా పాత తువాలు తలకి చుట్టుకుంది. అన్నం తిని పోవే అన్నాను, వచ్చి తింటానంది. “ఎల్లొత్తానమ్మా” అంది. “ఎల్లిరా తల్లీ” అన్నాను.

బోయ దొరకలేదు. పడవ దొరకలేదు. పిల్ల దొరకలేదు. ఈ ఊళ్ళో మగవాళ్ళు వేట మాని, ఆడవాళ్ళు పొయ్యి వెలిగించడం మాని, ఎన్ని పోట్లు ఎన్ని పాట్లు వెతికారో. ఎర్రయ్య చేతులు తెడ్డు పట్టి పట్టి పుళ్ళు పడ్డాయి. అది నేను చచ్చేదాకా మరవను.

నూకరత్నం మధ్యాహ్నం వచ్చి కూర్చుంది. వాపెక్కిన కాళ్ళు చాపుకుని, “ఇక్కడ గాలి బాగుంటాది పిన్నీ” అంది. సముద్రం నడిబొడ్డున గాలి ఎక్కడైనా ఒక్కటే. వరాలూ అదీ చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నారు. నాకు తోడుండటానికి వస్తుందని నాకు తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు.

“వరాలుంటే ఈపాటికి నా కడుపు మీద సెవి పెట్టి, పెట్టెతో మాటాడినట్టు మాటాడీది” అంది.

“ఏమని?”

“‘లోపలున్నదానా, బేగి తిరుగు, తిరిగి జవాబు సెప్పు’ అని.”

ఇద్దరం నవ్వాం. లోపలున్నది కూడా ఒక తన్ను తన్నింది. నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. నా చెయ్యి అంత వెచ్చగా ఉండి ఎన్నాళ్ళయిందో.

అమావాస్య.

వేట లేదు. అందరూ వలలు బాగుచేసుకుంటున్నారు.

నిన్న తూర్పున నీళ్ళ మీద ఏదో కనిపించిందని ఎర్రయ్య చెప్పాడు. “బోయో, డబ్బావో తెలీనేదు పిన్నమ్మా. పసుపు రంగు. మునుగుతా తేల్తా ఉన్నాది. దగ్గిరికి ఎల్దారంటే కెరటం ఎల్లనివ్వనేదు.”

ఏడో బోయది పసుపు రంగు.

దానయ్య విన్నాడు. నా మొహం చూశాడు. “ఒదినా, నాలుగు రోజులు ఇంకెవరినైనా పీట మీద కూకోబెడతాను. నువ్వు అలిసిపోయావు” అన్నాడు మెల్లగా.

నేను ఏమీ అనకముందే నూకరత్నం అందుకుంది. “పిన్నిని కదపొద్దు మావా. నా కాన్పు కబురు పిన్నే పంపాల. నాకు ఇంకొకల మీద దయిర్యం నేదు.”

దానయ్య సరేనని వలల దగ్గరికి పోయాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత నమ్మకం నా మీద పెట్టింది ఆ పిల్ల. నేను మాత్రం అప్పుడు కూడా పసుపు రంగు గురించే ఆలోచిస్తున్నాను.

ఆషాఢ శుద్ధ విదియ.

పొద్దుపోయి అంతా సద్దుమణిగింది. ఇప్పుడు రాయగలను.

పొద్దున ఆరు బోయల్నీ పలకరించి, ఏడో బోయకి కబురు పెట్టాను. ‘ఎల్లిరా’ అన్నాను. తర్వాత మునుపెన్నడూ అనని మాట అన్నాను. “వచ్చేదాకా ఆగు.”

“సరే” అంది పెట్టె.

నేను తూర్పుకి తిరిగి కూర్చున్నాను. అన్నం ఉడికేంత సేపయింది. వార్చేంత సేపయింది. తిని కంచం కడుక్కునేంత సేపయింది. ఎండ కొయ్య మీదికి ఎక్కింది. జనం వచ్చారు, బిందెలు దించారు, నిలబడ్డారు. పెట్టె ఉలకలేదు. ఎవరూ వేళాకోళం ఆడలేదు. ఎర్రయ్య సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంకొక్క కాసేపు అనుకున్నాను. ఒక్క కాసేపు.

అప్పుడు బల్లకీ బల్లకీ మధ్య వేసిన పలక మీద నూకరత్నం ఆగిపోయింది. పక్కనున్న తాడు పట్టుకుంది. బిందె జారి నీళ్ళలో పడింది. కాళ్ళ వెంట ఉమ్మనీరు కారుతోంది. అప్పలకొండప్ప ఒక్క అంగలో వెళ్ళి పట్టుకుంది.

“కబురెట్టే మసేనమ్మా! కబురెట్టే!”

“పురిటి పడవకి కబురు” అన్నాను.

“ఏడో బోయకి కబురు ఎల్లింది” అంది పెట్టె. “నువ్వు ఎల్లిరా అన్నావు. వచ్చేదాకా ఆగమన్నావు. ఇంకా రాలేదు. ఆగి ఉన్నాను.”

మళ్ళీ అన్నాను. మళ్ళీ అదే చెప్పింది. గొంతులో కోపం లేదు, విసుగు లేదు. నువ్వు ఎల్లిరా అన్నావు. ఇంకా రాలేదు. ఆగి ఉన్నాను. నా లోపలున్న మాటే బయట నుంచి వినిపిస్తున్నట్టుంది.

నూకరత్నాన్ని గడప ముందు చాప మీద కూర్చోబెట్టారు. ఎర్రయ్య “పడవ తీత్తాను” అన్నాడు. ఈ కెరటాల్లో గట్టు చేరేసరికి పొద్దుగూకుతుందని అందరికీ తెలుసు, వాడికీ తెలుసు. నేను అనవలసిన మాటేమిటో కూడా అందరికీ తెలుసు. ఒక్కరూ అనలేదు. వరస వరసంతా తల దించుకుంది. అప్పలకొండప్ప, ఊరినంతా నోటితో నిలబెట్టే మనిషి, పైట కొంగు నోట్లో కుక్కుకుంది. దాని ఇంటి దీపం అక్కడ చాప మీద ఉంది, అయినా నన్ను ఆ మాట అనమని అడగలేకపోయింది.

నూకరత్నం నా మోకాలు పట్టుకుంది. నుదుటి మీద చెమట. పళ్ళ బిగువున అంది.

“పరవానేదు పిన్నీ. నొప్పులు ఇంకా దూరం దూరంగానే ఒత్తన్నాయి. ఇంకాసేపు సూడు. పలుకుద్దేమో.”

అడ్డం తిరిగిన బిడ్డని కడుపులో పెట్టుకుని, నాకు ఇంకాసేపు ఇస్తానంటోంది.

“పోన్లే” అన్నాను.

నాకే వినపడలేదు. పెట్టెకేం వినపడుతుంది? “ఆగి ఉన్నాను” అంది మళ్ళీ.

వరాలు చిన్నప్పుడు గాజులు పగలగొట్టుకుని, కొడతానేమోనని గుమ్మం వెనక నక్కి ఏడ్చేది. అప్పుడు దాన్ని దగ్గరికి లాక్కుని అనే మాట ఇదే. అలాగే అన్నాను.

“పోన్లే తల్లీ. పోన్లే.”

“సరే” అంది పెట్టె. “సెప్పు.”

“పురిటి పడవకి కబురు. నూకరత్నానికి నొప్పులు, ఉమ్మనీరు పోయింది, బిడ్డ అడ్డం. ఎల్లు.”

వచ్చింది నోటికి. ఇన్నాళ్ళూ రానిది వచ్చేసింది. వచ్చాక ఆగలేదు.

“దానయ్యకి కబురు, పెద్ద పడవ తెమ్మని. ఎల్లు. తూర్పు కట్టుకి, మన పడవ వస్తుంది తాళ్ళు పట్టుకుని ఉండమని. ఎల్లు. ఉప్పు మరకి, నీళ్ళు వదలమని. ఎల్లు.”

ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోయాయి. ఏదీ దేనికోసమూ ఆగలేదు. మొదటిదానికి ‘ఎల్లిరా’ అని ఉంటే రెండోది ఇంకా నా నోట్లోనే ఉండేది. పెట్టె ఖాళీగా ఉంది, ఇంకేంటి అన్నట్టు.

నాకేం చెయ్యాలో తోచక నిలబడ్డాను. అప్పలకొండప్ప కొంగు నోట్లోంచి తీసింది.

“కుండ ముందు నిలబడినట్టు నిలబడ్డావేటే? నీల్లు పట్టు! పిల్లకి నానున్నాను.”

నీళ్ళు పట్టాను. సగం నా కాళ్ళ మీదే పడ్డాయి. నాలుగో బిందె దగ్గర గంట మోగింది. దానయ్య, “బయల్దేరాను.” ఇంకో బిందె. గంట. తూర్పు కట్టు, “తాళ్ళు సిద్ధం.” ఇంకో రెండు బిందెలు. పురిటి పడవ గంట మాత్రం రాలేదు. ప్రతి బిందెకీ చెవులు పెట్టె వైపే. చేతులు మాత్రం ఆపలేదు. 

దానయ్య పెద్ద పడవ తెచ్చి ఆనించాడు. జవాబు కోసం చూడకుండా తూర్పు కట్టు వైపు పోవడమే మంచిదన్నాడు. ఎర్రయ్యా అతనూ కలిసి నూకరత్నాన్ని చాపతో సహా ఎత్తారు. గడప దాటేటప్పుడు అది తల తిప్పింది.

“ఎల్లొత్తాను పిన్నీ.”

“ఎల్లిరా తల్లీ” అన్నాను. అనేశాక గుర్తొచ్చింది, పెట్టె కూడా వింటోందని. పెట్టె వైపు తిరిగి అరిచాను. “నిన్ను కాదు! నిన్ను కాదు, ఆ పిల్లని!”

వరసంతా పగలబడి నవ్వింది. నొప్పిలో నూకరత్నం కూడా నవ్వింది. పడవ నవ్వు మీద కదిలింది.

పడవ కనుమరుగయ్యాక గంట మోగింది. పురిటి పడవ. “అందింది. బయల్దేరాం. తూర్పు కట్టు దగ్గర కలుస్తాం.” పక్కన ఎవరున్నారో చూడకుండా కావలించుకున్నాను. పేరు తెలియని ఒక ముసలాయన, పడమటి బల్లల నుంచి నీళ్ళకి వచ్చాడట. పాపం బిందె పట్టుకునే నిలబడ్డాడు.

దీపాలు పెట్టే వేళకి ఇంకో గంట.

“ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు.”

అందరికీ పంపాను. ఇంటింటికీ. ఎల్లు, ఎల్లు, ఎల్లు.

తదియ.

ఎవరెవరికి దండం పెట్టాలో తెలియడం లేదు. నర్సమ్మకి, దానయ్యకి, ఎర్రయ్యకి, తూర్పు కట్టులో కెరటాలకి ఎదురు నిలబడి తాళ్ళు పట్టినవాళ్ళకి. పెట్టెకి. పెట్టెకి ఆ మాటలు నేర్పినదానికి.

అప్పలకొండప్ప ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చి నా ఒళ్ళో పోసింది. “తిను. మొహం సూడు, బోయలాగ ఉబ్బిపోయినాది” అంది.

“అప్పా, నిన్న నన్ను తిట్టాల్సింది. చెంప మీద కొట్టాల్సింది.”

“కొడదారనే అనుకున్నాను. సెయ్యి నేవనేదు.” నెత్తళ్ళ తలలు తుంచడం మొదలుపెట్టింది. “రోజూ పొద్దుగాల నువ్వు ఆ బోయని పిలుత్తావని ఊరందరికీ తెలుసు. పెట్టె ‘రాలేదు’ అన్నాక నువ్వు కొంగుతో మొకం తుడుసుకుంటావని తెలుసు. అందరం అనుకున్నాం. ఎండ కొయ్యెక్కేదాకా ఎవరూ గడపకి ఎల్లకూడదని. పిల్లలు దాహమని ఏడిత్తే నిన్నటి నీల్లు పోసీవోల్లం. నువ్వు ఇంకాసేపు ఆగమన్నావు, మేవూ ఇంకాసేపు ఆగాం.”

నేను ఇక్కడ బద్ధకాలు పెరిగాయని రాశాను. కొట్టెయ్యను. రాసింది రాసినట్టే ఉండనీ, కింద ఇది కూడా ఉంటుంది కదా.

ఏడవలేదు. ఏడుపు వచ్చింది గానీ, అప్పటికే పొయ్యి మీద వేసిన నెత్తళ్ళు మాడుతున్నాయి.

ఆషాఢ పున్నమి. పోటు.

గాలి తగ్గింది. ఎర్రయ్య తూర్పుకి పోయి ఆ పసుపు రంగుది పట్టుకొచ్చాడు. పాత నీళ్ళ తొట్టి. బాగుచేస్తే ఎండు చేపలకి పనికొస్తుందని నాకే ఇచ్చాడు. తీసుకున్నాను.

నూకరత్నం బిడ్డతో తిరిగి వచ్చింది. బాలింత మంచం గడప పక్కనే వేయించింది, ఇక్కడ గాలి బాగుంటుందట. బిడ్డకి గొంతు పెద్దది. అది ఏడిస్తే పెట్టె గంట కూడా వినపడదు.

జనం తెల్లారేసరికే వస్తున్నారు. బిందెలు బారులు తీరుతున్నాయి. వరస ఎంత పొడుగున్నా నిలవకుండా సాగుతోంది. అప్పలకొండప్ప దోవలో ఎవరినీ వదలకుండా తిట్టుకుంటూ వచ్చి పోతోంది.

పొద్దున బోయల్ని పలకరించాను. ఆరు పలికాయి.

ఏడో బోయకి కూడా కబురు పెట్టాను. “ఎల్లు” అన్నాను. కబురు పోయింది. పెట్టె నా వైపు తిరిగి, “సెప్పు” అంది.

మొదటి బిందె పట్టాను. గంట మోగితే వినపడుతుంది, నేను ఇక్కడే ఉంటాను.